కొండ దిగే మోపు: పర్లాకిమిడి కట్టెల దారిలో ఒక కేస్ స్టడీ

పర్లాకిమిడిలో పాతసామాను కొనే కొట్టొకటి తెల్లవారకముందే తలుపులు తీస్తుంది. 2023 జనవరిలో ఒకరోజు ఆ కొట్టు కాటా మీద ఒక కట్టెల మోపు తూచాం. 27 కిలోలు తూగింది. మోపు దించిన సవర మహిళ నాకు ఏడాదిగా తెలిసిన మనిషి. నేను అక్కా అంటాను, ఆమె చెల్లీ అంటుంది. "నన్ను కూడా తూచు, చెల్లీ" అంటూ ఆమే కాటా ఎక్కింది. 41 కిలోలు. తన బరువులో దాదాపు మూడింట రెండు వంతులు నెత్తిన పెట్టుకుని, తెల్లవారుజామున మూడింటికి కొండ దిగి, 11 కిలోమీటర్లు నడిచి వచ్చింది. చలికాలమైనా నుదుట చెమట. మోపు దించినా చుట్టకుదురు ఇంకా తలమీదే ఉంది.

మోపు విప్పి చూశాం. అడ్డతీగతో రెండు చుట్లు బిగించిన కట్టలో 14 చీలికలు. అన్నీ మూరన్నర పొడవు, మణికట్టు కన్నా లావు. సగానికి పైగా చిరుమాను, మిగిలినవి కొడిశ. కొసను గోటితో నొక్కితే తడి తగిలింది. పచ్చి చెట్టును నరికి, నాలుగు రోజులు ఎండబెట్టి తెచ్చిన కట్టె అది.

ముందురోజు రాత్రి ఆ అక్క ఇంట్లోనే అన్నం తిన్నాను. పొయ్యిలో మండినవి కందికట్టె, జీడిమామిడి ఎండు రెమ్మలు, గట్ల వెంట ఏరిన చిదుగులు. చిరుమాను చీలిక ఒక్కటి కూడా ఆ పొయ్యిలోకి వెళ్లలేదు. అమ్ముడుపోయే కట్టెను ఇంట్లో కాల్చేంత స్తోమత ఆమెకు లేదు.

ఆమె గూడెం కొండ ఎందుకు పలచబడుతోందో తెలుసుకునే మా పని అప్పటికి మొదలై ఏడాది దాటింది. ఆ ఏడాదంతా మేము ఆమె ఇంటి పొయ్యినే పట్టుకుని కూర్చున్నాం.

చోటు

పర్లాకిమిడి గజపతి జిల్లా కేంద్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఈ ఊరు ఒడిశాలో కలిసింది. జిల్లాగా 1992 అక్టోబరు 2న గంజాం నుంచి విడివడింది. బడిలో, ఆఫీసుల్లో ఒడియా నడిచినా, బజారులోనూ ఎన్నో ఇళ్లలోనూ తెలుగే. ఆటో ఎక్కితే కాసేపట్లో శ్రీకాకుళం జిల్లా పాతపట్నం చేరుకుంటాం. ఊరి చుట్టూ కొండలు, కొండల్లో సవర గూడేలు. గిడుగు రామమూర్తి గారు సవర భాష నేర్చుకున్నది ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లోనే. ఆయన ఆ కష్టం ఎందుకు పడ్డారో నాకు ఈ కేసులో బాగా అర్థమైంది.

ఎందుకంటే మా తొలి పొరపాటు ఒక మాటలో ఉంది. మా సర్వే పత్రంలో "వంటచెరకు ఎంత తెస్తారు?" అని అడిగాం. వారానికి మూడు మోపులు అని వాళ్లు చెప్పారు, మేము రాసుకున్నాం. వంటచెరకు అన్నాక వంటకే కదా అనుకున్నాం. ఎవరి వంటకు అని అడగలేదు. తెచ్చిన మూడింటిలో ఒకటిన్నర మోపు పుల్లలూ చిదుగులూ ఇంటికి, మిగిలినవి గట్టి కట్టెలు పట్నానికి అని వాళ్లలో ఎవరిని కదిపినా చెప్పేవారు. మా పత్రంలో ఆ గడి లేదు.

గూడెం పేరు రాయడం లేదు. కట్టెలు అమ్ముకునేవాళ్లకు ఆ పేరు ఇబ్బంది తెచ్చిపెట్టవచ్చు. 34 ఇళ్లు. సగం ఇళ్లకు కొండవాలున జీడితోపులు, కొంత వరి, చోడి (రాగి), కంది. రోడ్డు గూడెం దాకా రాదు. చివరి రెండు కిలోమీటర్లు కాలిబాట. మేము ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ తరఫున పనిచేసే ఇద్దరం. కొండ పలచబడుతోంది, ఊట తగ్గుతోంది, ఏమైనా చేయండి అని గూడెం పెద్దలే మమ్మల్ని పిలిచారు.

పొయ్యి మీద ఒక ఏడాది

పేదల పొయ్యి అడవిని తినేస్తుందన్న భయం 1970ల్లో ప్రపంచమంతా పాకింది. మన దేశంలో 1983లో మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలై 2002 దాకా నడిచింది. తరువాత చాలా చోట్ల జరిగిన పరిశీలనల్లో తేలింది వేరు. పల్లె ఇళ్లు ఎక్కువగా కాల్చేది ఎండు పుల్లలు, పొలం గట్టు చెట్ల కొమ్మలు, పంట కట్టె, పిడకలు. అడవి మొత్తంగా పోయేది సాగుకూ, గనులకూ, రోడ్లకూ, ఆనకట్టలకూ నేలను చదును చేసినప్పుడు. ఇదంతా నేను చదువుకున్నదే. అయినా గూడెంలోకి అడుగుపెట్టాక, మసిపట్టిన కప్పు కింద దగ్గుతూ వండుతున్న ఆడవాళ్లను చూడగానే, సమస్య అక్కడే ఉందనిపించింది. పొగ ఒక పెద్ద కష్టమే. కళ్లను, ఊపిరితిత్తులను అది తినేస్తుంది, దాన్ని తగ్గించాలి. కానీ కొండ పలచబడటానికి కారణం వెతకవలసిన చోటు అది కాదు.

2022లో 12 ఇళ్లకు రెండు కళ్ల మట్టిపొయ్యిలు, పొగగొట్టంతో కట్టాం. ఆరు నెలలకు నాలుగే వాడుకలో మిగిలాయి. ఆడవాళ్లు చెప్పిన కారణాలు నా నోట్సులో వాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మూతి చిన్నది, కట్టెను మళ్లీ చిన్న ముక్కలుగా కొట్టాలి. చోడి అంబలి కాచే పెద్ద కుండ దాని మీద నిలవదు. మూడు రాళ్ల పొయ్యి అయితే కట్టెను వెనక నుంచి నెడుతూ పోవచ్చు, చుట్టూ కూర్చుని చలి కాచుకోవచ్చు, దీపం అక్కర్లేకుండా పిల్లలు తినవచ్చు. అన్నిటికన్నా పెద్ద కారణం అటక. పొయ్యికి సరిగ్గా పైన వెదురు తడకతో కట్టిన అటక ఉంటుంది. దాని మీద విత్తనపు జొన్న కంకులు, ఎండుచేపలు, వానాకాలంలో తడికట్టె. పొగ తగిలితేనే విత్తనానికి పురుగు పట్టదు. మేము గొట్టం పెట్టి పొగను బయటికి పంపాం, అటక మీది విత్తనానికి ముక్క పురుగు పట్టింది. ఒక ముసలామె ఆ గింజలను చేటలో పోసి నా ముందుంచింది. నోరెత్తి ఒక్క మాటా అనలేదు. ఆ చేట నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

గ్యాసు సంగతి. ఉజ్జ్వల పథకం 2016 మే 1న మొదలైంది. మేము వెళ్లేసరికే గూడెంలో చాలా ఇళ్లకు సిలిండరు వచ్చింది. మూల నిలబెట్టి, పైన గుడ్డ కప్పి ఉంది. చుట్టాలు వచ్చినప్పుడు టీకి, జ్వరం వచ్చినప్పుడు జావకు, ముసురు రోజుల్లో అన్నానికి వాడతారు. మా అక్క 2022లో రెండు సిలిండర్లు తీసుకుంది. దేశం మొత్తం మీద ఉజ్జ్వల ఇళ్లు ఏడాదికి తీసుకున్న సిలిండర్లు 2019-20లో సగటున 3.01, 2023-24లో 3.95 అని ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. ఆ రోజుల్లో సబ్సిడీ మీద 12 వరకు తీసుకునే వీలుండేది. అలవాటు పడలేదనీ, గ్యాసు వంట రుచించదనీ, భయమనీ బయటివాళ్లు రకరకాలుగా చెబుతారు. మా గూడెంలో భయం మొదటి నెలకే పోయింది.

సిలిండరు లెక్క

కాటా దగ్గరి ఉదయం తరువాత అక్కా నేనూ ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని ఒక లెక్క వేశాం. ఈ కేసులో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ లెక్క. కొంచెం ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

ఏడు రోజులు ఆమె పొయ్యిలో పెట్టే పుల్లలను తూచాం. రోజుకు ఆరు కిలోల దగ్గర తేలింది. కిలో ఎండుకట్టెలో దాదాపు 15 మెగాజౌళ్ల వేడి ఉంటుంది. మూడు రాళ్ల పొయ్యి అందులో పది పదిహేను శాతమే కుండకు అందిస్తుంది, అంటే కిలోకు రెండు మెగాజౌళ్లకు అటూ ఇటూ. 14.2 కిలోల సిలిండరులో కిలోకు సుమారు 45 చొప్పున 640 మెగాజౌళ్లు. గ్యాసు పొయ్యి అందులో సగానికి పైనే కుండకు చేరుస్తుంది. అంతా కలిపి చూస్తే ఒక సిలిండరు 200 కిలోల పైచిలుకు కట్టెతో సమానం. 27 కిలోల మోపులు ఎనిమిది.

పట్నంలో అప్పటి ధర మోపుకు 150 రూపాయలు. సిలిండరుకు చేతిలో పెట్టవలసింది అప్పుడు 1,100 రూపాయలకు అటూ ఇటూ. అందులో 200 సబ్సిడీ తరువాత ఖాతాలో పడేది. అంటే నికరంగా ఆరు మోపుల డబ్బు. ఎనిమిది మోపుల వేడి ఆరు మోపుల ధరకు వస్తోంది. కాగితం మీద చూస్తే కట్టె కన్నా గ్యాసే చౌక. ఇది చూసి నేను సంబరపడ్డాను. అక్క సంబరపడలేదు.

"ఆ ఆరు మోపులు ఎక్కడివి, చెల్లీ?" అంది.

అప్పుడు వెలిగింది. ఇంట్లో కాల్చే ఎనిమిది మోపులు ఎండు పుల్లలు, కందికట్టె, జీడిరెమ్మలు. వాటికోసం ఆమె ఏ చెట్టునూ పడగొట్టదు. గ్యాసు కొనడానికి అమ్మవలసిన మోపులు మాత్రం చిరుమాను, కొడిశ, పచ్చివి. ముందుగా 1,100 పోగుచేయాలంటే ఏడెనిమిది మోపులు దించాలి. ఆమెకు కట్టె తప్ప వేరే నగదు దారి లేనంత కాలం, మేము గ్యాసు వాడకం పెంచిన కొద్దీ కొండ మీద గొడ్డలి దెబ్బలు పెరుగుతాయి. అడవిని కాపాడే ఇంధనమని మేము చెప్పిన గ్యాసును ఆమె అడవినే అమ్మి కొనాలి.

ఇంకో చిక్కు బరువు. నిండు సిలిండరు ఇనుముతో కలిపి 30 కిలోల దాకా తూగుతుంది. గ్యాసు బండి రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. పక్కింటి వదిన లెక్క తేల్చి చెప్పింది: "దించేది 27, ఎక్కించేది 30. ఏది తేలిక?"

ఏడెనిమిది మోపుల డబ్బు ఒక్కసారి చేతిలో నిలవడమూ అంత సులువు కాదు. 150 చేతిలో పడ్డ ఉదయమే ఉప్పు, నూనె, సబ్బు, చిన్నదాని మందు బిళ్లలు, తిరుగు ఆటోకు ఇరవై. గూడెం చేరేసరికి కొంగున ముడివేసింది 40 మిగిలితే ఆ రోజు మంచి రోజు. రేషను బియ్యం ఉన్నాయి, కాబట్టి కడుపు మాడదు. నగదు మాత్రం దొరకదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా పొలంలో పని ఉంటుంది కానీ రాబడి ఉండదు. ఉపాధి హామీ కూలి 15 రోజుల్లో చెల్లించాలని అప్పటి చట్టం చెప్పేది. మా గూడెంలో ఒక విడత కూలి నెలన్నర దాటాక పడింది. ఆ నెలన్నరలో దారి వెంట దిగిన మోపులను నేనే చూశాను. డబ్బు పడిన వారం మోపులు కళ్లకు కనిపించేంత తగ్గాయి. కట్టె వాళ్లకు కొండ మీద దాచుకున్న పొదుపు. అత్యవసరం వచ్చినప్పుడల్లా ఆ పెట్టె మూత తీస్తారు.

తిత్లీ తరువాత

కట్టెలు అమ్మడం ఈ గూడేనికి కొత్త కాదు. కానీ ఇంతగా ఎప్పుడూ లేదని అందరూ అంటారు. ఎప్పటి నుంచి అని అడిగితే ఒకే మాట: తిత్లీ.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఎలా పోయాయో తెలుగువాళ్లందరికీ తెలుసు. అదే గాలి కొండ ఎక్కి గజపతి జిల్లాను కూడా ఊడ్చిపెట్టింది. కొండచరియలు విరిగిపడి ఇక్కడ ప్రాణాలూ పోయాయి. మా గూడెంలో మనుషులు దక్కారు, జీడితోపులు పోయాయి. మార్చి నుంచి మే దాకా వచ్చే జీడిపిక్కల డబ్బే ఈ ఇళ్లకు ఏడాదిలో ఒక్కసారి చేతినిండా కనిపించే డబ్బు. కొత్తగా నాటిన జీడి కాపుకు రావాలంటే మూడు నుంచి ఐదేళ్లు.

మొదటి రెండేళ్లు పడిపోయిన చెట్లే అమ్ముకున్నారు. నరికే అవసరం రాలేదు. 2020లో పడిన కట్టె అయిపోవడమూ, లాక్‌డౌన్‌లో కేరళ, తమిళనాడు వెళ్లిన పిల్లలు ఖాళీ చేతులతో తిరిగిరావడమూ ఒకేసారి జరిగాయి. జీడి ఇంకా కాపుకు రాలేదు. మిగిలింది నిలబడి ఉన్న అడవి. అక్క మోపు మోయడం మొదలుపెట్టింది అప్పుడే. అంతకుముందు ఆమె సంతలో జీడిపిక్కలు అమ్మిన మనిషి.

కొండ మీద జరుగుతున్నది పటాల్లో కనిపించదు. భారత అటవీ సర్వే లెక్క ప్రకారం హెక్టారుకు తగ్గని జాగాలో చెట్ల గొడుగు 10 శాతం నేలను కప్పితే అది అడవి కిందకే వస్తుంది. 10 నుంచి 40 దాకా పలచని అడవి, 40 నుంచి 70 దాకా మధ్యస్థం, ఆపైన దట్టం. ఒక వాలు 65 శాతం నుంచి 42 శాతానికి పడిపోయినా అదే తరగతిలో ఉంటుంది. జీడితోపు కూడా ఆ లెక్కలో అడవే. గజపతి జిల్లాలో సగానికి పైగా నేల అడవి అని ఆ లెక్క చెబుతుంది, నేను దాన్ని తప్పుపట్టను. తలమోపు అడవిని ఒక్కసారిగా తుడిచిపెట్టదు. ఏడాదికేడాది సన్నగిల్లజేస్తుంది, కాబట్టి ఆకాశం నుంచి తీసిన బొమ్మకు చాలా ఆలస్యంగా దొరుకుతుంది.

కింద నిలబడి చూస్తే వెంటనే తెలుస్తుంది. చిరుమాను, కొడిశ, గుగ్గిలం నరికితే చావవు. మోడు నుంచి పిలకలు వేస్తాయి. ఆ పిలక మణికట్టు లావు కాగానే మళ్లీ నరికితే, మోడు మళ్లీ పిలకలు వేస్తుంది. నాలుగైదుసార్లు అలా జరిగాక పిలకలు పుల్లల్లా వచ్చి పొదగా మిగులుతాయి. చెట్టు విత్తనం కాసే వయసుకు చేరదు. ఖాళీ అయిన నేలలోకి లంటానా ముళ్లపొద వస్తుంది. ఊట పక్కన ఉన్న పడమటి వాలు మేము చూసేసరికి మోకాలెత్తు మోళ్ల తోటలా ఉంది.

పట్నపు పొయ్యి

మోపులు దిగే చోట్లు చూడటానికి వారం పట్టింది. టిఫిన్ హోటళ్లు, మిఠాయి దుకాణాలు, మరమరాలు వేయించే ఇళ్లు, పెళ్లి వంటవాళ్లు, శ్మశానం. ఇటుక బట్టీలకు ట్రాక్టర్ల మీద వేరే దారిన వస్తుంది, అది ఈ కేసులోకి తేవడం లేదు.

ఒక హోటలు యజమానితో మాట్లాడాను. ఆయన చెడ్డవాడేమీ కాదు, మోపు తెచ్చిన ఆడవాళ్లకు రోజూ టీ ఇప్పిస్తాడు. "19 కిలోల సిలిండరు 1,800 పైమాటే, మేడమ్. పైగా డబ్బు ముందు కట్టాలి. కట్టెలామెకు సాయంత్రం ఇచ్చినా ఊరుకుంటుంది" అన్నాడు.

ఈ మాట నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు. జిల్లాలో అందరికన్నా పేద మనిషి పట్నంలోని వ్యాపారికి అప్పు ఇస్తోంది. ఆమె కాళ్ల సత్తువా, కొండ మీది చెట్టూ రెండూ ఆ 150 రూపాయల్లో లేవు. కాబట్టి ఆ ధర తక్కువ. గ్రామీణ పేదరికం అడవిని నరుకుతోందని రాసేటప్పుడు, కట్టె చివరికి మండేది పట్నంలో అని కూడా రాయాలి.

2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో వెదురు, తేనె, తునికాకులతో పాటు పొద కట్టెనూ మొదళ్లనూ చేర్చింది. కలపను చేర్చలేదు. పచ్చి చెట్టును నరికి చీల్చిన కట్టె ఆ రక్షణలోకి రాదు. అక్క తెల్లవారుజామున మూడింటికి బయలుదేరడానికి ఎండ ఒక్కటే కారణం కాదు.

రెండోసారి చేసిన పని

2023 ఎండాకాలంలో పల్లీసభలో, అంటే ఊరంతా కూర్చునే సభలో, మా లెక్కంతా విప్పి చెప్పాం. పొయ్యిల విషయంలో మేము పొరపడ్డామని కూడా చెప్పాం. తరువాత ఏం చేయాలో చాలావరకు వాళ్లే చెప్పారు.

ముందు నగదు. మహిళా సంఘంలో ఉన్న పొదుపు నుంచి కొంత విడిగా తీసి గ్యాసు నిధి పెట్టారు. సిలిండరు అయిపోయిన ఇంటికి సంఘం మొత్తం డబ్బు కడుతుంది. సబ్సిడీ పడ్డాక ఆ ఇల్లు దాన్ని సంఘానికి ఇస్తుంది. మిగిలినది వారానికి 30, 40, వీలున్నంత. వడ్డీ లేదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అడగరు, పంటకో జీడికో తీర్చాలి. ఈ చివరి నియమం అక్క పెట్టింది. నేనైతే నెలవారీ వాయిదా పెట్టి ఉండేదాన్ని, మూడో నెలకే నిధి గొడవల్లో పడి ఉండేది. ఐదు కిలోల చిన్న సిలిండరు కూడా దొరుకుతుందని తెలిశాక ఆరు ఇళ్లు దానికి మారాయి. దాన్ని చంకనేసుకుని కొండెక్కవచ్చు.

తరువాత వాలు. ఊట పక్కన పడమటి వాలులో తొలకరికి ముందు నుంచి కత్తి పెట్టకూడదని పల్లీసభ తీర్మానించింది. రాలిన పుల్ల ఏరుకోవచ్చు. మోడుకు ఎనిమిదీ పదీ పిలకలు వస్తే బలమైన రెండింటిని ఉంచి మిగిలినవి తీసేయాలి, తీసిన పిలకలే ఇంటి పొయ్యికి. ఈ పని మగవాళ్లకు అప్పగించాలనుకున్నారు కానీ, ఏ పిలక నిలుస్తుందో ఏది ఒరుగుతుందో ఆడవాళ్లకే తెలుసు. ఎన్నో ఏళ్లు నరికిన చేతులు అవి. చివరికి వాళ్లే చేశారు.

పట్నంలో మాకు దక్కింది తక్కువ. ఒక్క హోటలు మాత్రం అన్నం, పప్పు ఉడికించే పొయ్యిని ఊక పొయ్యిగా మార్చింది. ఊకకు ఇక్కడ కరువు లేదు, చుట్టూ రైసుమిల్లులున్నాయి. గాలి సరిగా కొట్టకపోతే ఊక పొగబెడుతుంది, దగ్గర ఒక మనిషి ఉండాలి. నూనె మూకుడు కింద ఇప్పటికీ కట్టెలే. మిఠాయి దుకాణాలు మా మాట వినలేదు.

జీడి కొమ్మలు కత్తిరించినప్పుడు వచ్చే కట్టెను సంఘం తరఫున అమ్మించాం. జీడి కట్టె తేలిక, త్వరగా కాలిపోతుంది, చిరుమానుకు ఇచ్చే ధర దానికి ఇవ్వరు. అయినా అది సొంత తోపులోది, పగటివేళ తల ఎత్తుకుని దించవచ్చు. "ఎనిమిదింటికి బయలుదేరాం, చెల్లీ" అని అక్క ఒకరోజు ఫోను చేసి మరీ చెప్పింది.

తప్పిన చోటు

వాలు మూయడంతో రెండు ఇళ్లు నలిగిపోయాయి. ఒకటి భర్త పోయిన ఒంటరి మనిషిది, ఇంకొకటి పిల్లలు వలసపోయిన ముసలి దంపతులది. ఇద్దరికీ జీడి లేదు. నిధి నుంచి తీసుకుంటే తీర్చే దారి లేక, వాళ్లు నిధి జోలికే రాలేదు. మూసిన వాలు వదిలి పక్క గూడెం కొండకు వెళ్లారు. అక్కడివాళ్లు గొడ్డలి లాక్కున్నారు, సంత రోజు పెద్ద తగాదా అయింది. మా వాలు పచ్చబడుతున్న ఆ నెలల్లో పక్క గూడెం వాలు పలచబడింది. నా నివేదికలో మొదట మా వాలు గురించే రాశాను. ఆ పేజీ చింపి మళ్లీ రాయవలసి వచ్చింది.

పల్లీసభ మళ్లీ కూర్చుంది. ఆ రెండు ఇళ్లకూ వారానికి ఒక మోపు, గుర్తు పెట్టిన చెట్ల నుంచి, అమ్ముకోవడానికి ఒప్పుకున్నారు. అడ్డాకు విస్తళ్లు కుట్టే పనిలో వాళ్లకే ముందు వాటా. నియమానికి ఇలా సందు ఇస్తే అందరూ దూరతారని మా సంస్థలోనే అభ్యంతరం వచ్చింది. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. 34 ఇళ్ల ఊట కోసం రెండు ఇళ్లు పస్తులుండాలని అడిగే హక్కు మాకు లేదు. రెండేళ్లయింది, ఆ సందులో మూడో ఇల్లు దూరలేదు.

ఇప్పటి పరిస్థితి దాచకుండా చెప్పాలి. అక్క 2024లో ఐదు సిలిండర్లు తీసుకుంది. పట్నానికి మోపు దించడం నెలకు ఒకటి రెండుసార్లకు తగ్గింది. తిత్లీ తరువాత నాటిన జీడి కాపుకు రావడం అందుకు పెద్ద కారణం. మా నిధి రెండో కారణం మాత్రమే. జీడి ధర పడిపోయినా, ఇంకో తుపాను వచ్చినా మోపులు మళ్లీ దిగుతాయి. జీడి లేని ఇళ్లలో తగ్గుదల చాలా తక్కువ. మూడు రాళ్ల పొయ్యి అందరి ఇళ్లలోనూ ఉంది. విత్తనాల అటక కోసం సాయంత్రం ఒక పూట దాన్ని వెలిగిస్తారు, మేము వద్దనడం మానేశాం. పగటి వంట గ్యాసు మీదకు వచ్చిన ఇళ్లలో ఆడవాళ్ల దగ్గు తగ్గిందని ఆశ కార్యకర్త చెబుతోంది. దాన్ని కొలిచే సాధనం మా దగ్గర లేదు.

మొన్న ఎండాకాలం చివర అక్కా, ఇంకో నలుగురూ, నేనూ పడమటి వాలు ఎక్కాం. ఉంచిన పిలకలు మనిషెత్తు దాటాయి. కొన్ని మోళ్లు మాత్రం రెండు వానలకూ చిగురు వేయలేదు. మరీ కిందకు నరికినవి, మరీ ఎక్కువసార్లు నరికినవి. అక్క ఒక్కో మోడు దగ్గర వంగి బెరడు గీకి చూసింది. పచ్చ కనిపిస్తే వదిలేసింది. లేకపోతే "ఇది పోయింది" అని దాని మీద ఒక పలకరాయి పెట్టింది. ఇప్పగింజ ఎక్కువ రోజులు నిలవదు, రాలిన కొద్ది వారాల్లోనే నేలలో పడాలి. రాయి ఉన్న ప్రతి చోటా తొలకరికి రెండేసి గింజలు వేద్దామని అనుకున్నాం. దిగేటప్పుడు రాళ్లు లెక్కపెట్టాం. 43.